ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు జీన్ టెస్ట్ చేయిస్తే ఎన్నాళ్లు ఉంటారో తెలుస్తుందా?

పలమనేరు దగ్గరి పల్లె నుంచి ఒక అబ్బాయి అడిగాడు. వాళ్ల అమ్మకు 57 ఏళ్లు. బీడీ, పొగాకు ఏ అలవాటూ లేదు. దగ్గు తగ్గక ఆరు నెలలు ఆస్పత్రుల చుట్టూ తిరిగాక ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలింది. అడినోకార్సినోమా అనే రకం, నాలుగో స్టేజీ, అంటే ఒంట్లో వేరే చోట్లకూ పాకింది. డాక్టరు జీన్ టెస్ట్ రాశారు, అంటే గడ్డ ముక్కలో జన్యువుల మార్పులు వెతికే పరీక్ష. రిపోర్టుకు మూడు వారాలు, ఖర్చు పదుల వేలు. "ఆ టెస్టులో అమ్మ ఎన్నాళ్లు ఉంటుందో తెలుస్తుందా? తెలియనప్పుడు అంత డబ్బు ఎందుకు పెట్టాలి? ఈలోపు కీమో మొదలుపెట్టకపోతే ముదిరిపోదా?"

తమ్ముడూ, ముందు జవాబు చెప్పేస్తాను. టెస్ట్ చేయించండి. అమ్మ ఎన్నాళ్లు ఉంటుందో ఆ కాగితంలో ఉండదు. అమ్మకు ఏ మందు పడుతుందో ఉంటుంది. ఆ మందు దొరికితే మీరు అడుగుతున్న "ఎన్నాళ్లు" అన్న లెక్కే మారిపోవచ్చు. ఇక కీమో సంగతి: అమ్మకు ఆయాసం ఎక్కువగా లేకపోతే రెండు మూడు వారాలు ఆగడం వల్ల సాధారణంగా నష్టం ఉండదు. ఆగలేని పరిస్థితి అయితే ఏం చేస్తారో కింద రాస్తాను.

నేను పాథాలజిస్టుని. తిరుపతిలో 22 ఏళ్లుగా బయాప్సీలు, అంటే పరీక్షకు తీసిన ముక్కలు చూస్తున్నాను. పదేళ్లకు పైగా ఈ జీన్ టెస్టుల పని కూడా నా చేతుల మీదుగానే జరుగుతోంది. మందు రాసేది ఆంకాలజిస్టు, అంటే క్యాన్సర్ డాక్టరు, నేను కాదు. నా దగ్గరికి వచ్చేది సూదితో తీసిన సేమ్యా పోగంత ముక్క. కానీ ఆ ముక్క సరిగ్గా చేరకపోతే ఎంత పెద్ద డాక్టరైనా సరైన మందు రాయలేడు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మీ ప్రశ్నలో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. రోగం ఎలా నడుస్తుంది అన్నది ఒకటి. ఫలానా మందు పని చేస్తుందా అన్నది ఇంకొకటి. మొదటిదాన్ని చెప్పే గుర్తును ప్రోగ్నోస్టిక్ అంటారు, రెండోదాన్ని ప్రిడిక్టివ్ అంటారు. మీది సేద్యం చేసే ఇల్లే అయితే ఇలా చెప్తాను. మట్టి పరీక్షకు ఇచ్చి తెచ్చుకున్న కాగితంలో ఈ ఏడు చెనక్కాయ ఎన్ని బస్తాలు అవుతుందో ఉండదు. జిప్సం వెయ్యాలా, జింకు వెయ్యాలా అన్నది ఉంటుంది. వాన, తెగులు, అడవి పందులు అన్నీ తర్వాతి సంగతి. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఇవాళ పనికొచ్చే జీన్ టెస్టులు చాలావరకు ఆ మట్టి కాగితం లాంటివే.

ఇది గాలిమాట కాదని చెప్పడానికి ఒక్క అధ్యయనం చాలు. 2009లో వచ్చిన ఐపాస్ ట్రయల్. ఆసియా దేశాల్లో 1,217 మంది మీద చేశారు. అందరూ అడినోకార్సినోమా రోగులే, అసలు పొగ తాగనివాళ్లు లేదా కొద్దిగా తాగి ఎప్పుడో మానేసినవాళ్లు. సగం మందికి జెఫిటినిబ్ అనే మాత్ర, సగం మందికి కీమో ఇచ్చారు. తర్వాత గడ్డలో ఈజీఎఫ్ఆర్ అనే జీన్‌లో మార్పు ఉందా లేదా అని విడదీసి చూశారు. మార్పు ఉన్నవాళ్లలో మాత్రతో గడ్డ తగ్గింది నూటికి 71 మందికి, కీమోతో 47 మందికి. మార్పు లేనివాళ్లలో అదే మాత్రతో తగ్గింది నూటికి ఒక్కరికి. కీమోతో అయితే 23 మందికి పైగా.

మళ్లీ ఒకసారి చదవండి. రోగం పేరు ఒకటే, మాత్ర ఒకటే. ఒకరికి ప్రాణం పోసింది, ఇంకొకరికి విలువైన నెలలు వృథా చేసింది. మనిషిని చూసి, వయసు చూసి, ఎక్స్‌రే చూసి ఈ ఇద్దరిని విడదీయడం ఎవరి వల్లా కాదు. "పొగ తాగని ఆడమనిషి కదా, ఈజీఎఫ్ఆరే అయి ఉంటుంది, మాత్ర మొదలుపెట్టేద్దాం" అని టెస్ట్ లేకుండా మొదలుపెట్టిన కేసులు నేను చూశాను. మన దేశంలో అడినోకార్సినోమా రోగుల్లో సుమారు నాలుగో వంతు మందికి ఈ మార్పు ఉంటుంది. పొగ తాగనివాళ్లలో ఇంకా ఎక్కువ. ఎంత ఎక్కువైనా అది ఊహే, టెస్ట్ కాదు.

ఇప్పుడు జెఫిటినిబ్ కంటే మెరుగైన మాత్రలు వచ్చాయి. ఆసిమర్టినిబ్‌ను పాత మాత్రలతో పోల్చిన ఫ్లోరా ట్రయల్‌లో, రోగం మళ్లీ కదలడానికి పట్టిన కాలం 18.9 నెలలు, పాతవాటితో 10.2 నెలలు. మనుషులు బతికిన కాలం 38.6 నెలలు, పాతవాటితో 31.8. ఈజీఎఫ్ఆర్ కాకుండా ఏఎల్‌కే అనే జీన్ ఇంకో జీన్‌తో అతుక్కుని ఉంటే దారి వేరు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఆ అతుకును జపాన్ పరిశోధకులు 2007లో కనిపెట్టారు. నూటికి ముగ్గురు నుంచి ఐదుగురిలోనే ఉంటుంది, తరచుగా చిన్న వయసువాళ్లలో. ఆ కొద్దిమందికి దొరికే మేలు మాత్రం చాలా పెద్దది. లార్లాటినిబ్ మాత్రతో చేసిన క్రౌన్ ట్రయల్‌లో ఐదేళ్ల తర్వాత కూడా నూటికి 60 మందిలో రోగం కదలలేదు. పాత క్రిజోటినిబ్‌తో ఆ సంఖ్య 8. నాలుగో స్టేజీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఇలాంటి అంకె చూస్తానని నేను చదువుకునే రోజుల్లో అనుకోలేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. 18.9 నెలలు, 38.6 నెలలు అనేవి మీ అమ్మ ఆయుష్షు కాదు. సగం మందికి అంతకంటే ముందే జరిగింది, సగం మందికి ఆ తర్వాత జరిగింది, మధ్యలో గీత అక్కడ పడింది, అంతే. ఇంటర్నెట్‌లో ఆ అంకె చూసి క్యాలెండర్ మీద గీత గీసుకున్న కుటుంబాలు నాకు తెలుసు. పీలేరు వైపు నుంచి వచ్చిన ఒకాయన, తన భార్య రిపోర్టు వెనకాల పెన్నుతో ఒక తేదీ రాసుకుని జేబులో పెట్టుకుని తిరిగాడు. ఆ తేదీ దాటి ఏడాదిన్నర అయ్యాక ఆ కాగితం తీసి నాకు చూపించాడు. ఆ ఏడాదిన్నరకు ముందు గడిచిన రోజులన్నీ ఆయన భయంతోనే గడిపాడు. మీరు అలా చేయకండి.

అయితే జీన్ రిపోర్టు భవిష్యత్తు గురించి అసలేమీ చెప్పదా అంటే, కొంత చెబుతుంది. ఈజీఎఫ్ఆర్‌లోనే ఎక్సాన్ 19 అనే చోట ముక్క ఊడిపోయిన రకానికి, ఎక్సాన్ 21లో ఎల్858ఆర్ అనే రకం కంటే మాత్రలు కొంచెం ఎక్కువ కాలం పని చేస్తాయి. ఫ్లోరాలో ఆసిమర్టినిబ్‌తోనే ఈ రెంటికీ 21.4 నెలలు, 14.4 నెలలు అన్న తేడా కనిపించింది. దాంతోపాటు టీపీ53 అనే జీన్ కూడా దెబ్బతిని ఉంటే మాత్రకు రోగం త్వరగా మొండికేస్తుంది. కేరాస్ జీన్ మార్పు ఉన్నవాళ్లలో ఎస్‌టీకే11, కీప్1 అనేవి కూడా తోడైతే ఇమ్యునోథెరపీ (ఒంటి రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదకు మళ్లించే మందు) ఫలితం మందగిస్తుంది. ఇవన్నీ నిజమే. కానీ ఈ తోడు మార్పులను బట్టి "ఇంతకాలం" అని ఒక మనిషికి చెప్పడానికి లేదు. డాక్టరు స్కాన్లు కొంచెం దగ్గర దగ్గరగా తీయించడానికి, మందులు కలిపి ఇవ్వాలా అని ఆలోచించడానికి పనికొస్తాయి. రిపోర్టులో టీపీ53 అని కనబడగానే గూగుల్ చేసి కుప్పకూలిపోవద్దు.

"ఇరవై జీన్లు, యాభై జీన్లు కలిపి చూసి రోగం తిరగబెడుతుందో లేదో చెప్పే టెస్టులు ఉన్నాయట కదా" అని కూడా చాలామంది అడుగుతారు. రొమ్ము క్యాన్సర్‌లో 21 జీన్ల టెస్ట్ రోజూ వాడుతున్నారు, కొందరికి కీమో అక్కర్లేదని దాని ఆధారంగా తేల్చి చెబుతున్నారు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో అలాంటివి తయారు చేయాలని ఇరవై ఏళ్లకు పైగా ప్రయత్నిస్తూనే ఉన్నారు. ఒక్కో పరిశోధక బృందం ఒక్కో జాబితా ఇచ్చింది. ఒకరి జాబితాలో ఉన్న జీన్లు ఇంకొకరి జాబితాలో దాదాపు కనబడవు. వందలాది జీన్ల అంకెలు, కొద్దిమంది రోగులు ఉన్నప్పుడు, యాదృచ్ఛికంగా కుదిరినవి కూడా గొప్ప ఆధారంలా కనిపిస్తాయి. వేరే ఊరి రోగుల మీద పరీక్షిస్తే నిలబడవు. 2006లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ నుంచి తొలి దశ ఊపిరితిత్తుల క్యాన్సర్ తిరగబెడుతుందో లేదో జీన్లను బట్టి చెప్పగలమని ఒక పరిశోధన పెద్ద పత్రికలో వచ్చింది. మేమంతా ఆశగా చదివాం. లెక్కలు తిరగేసి చూసిన గణాంక నిపుణులు అదే బృందం చేసిన పనుల్లో తప్పులు బయటపెట్టారు. 2011లో ఆ పరిశోధనను వెనక్కి తీసుకున్నారు. అప్పటి నుంచి "మా టెస్ట్ ఆయుష్షు చెబుతుంది" అని ఎవరైనా రంగుల బ్రోచర్ తెస్తే, వేరే చోట వేరే రోగుల మీద నిరూపించారా, ఆ ఫలితాన్ని బట్టి వైద్యం మారిస్తే రోగికి మేలు జరిగిందా అని రెండే అడుగుతాను. రెండో ప్రశ్న దగ్గర చాలామంది ఆగిపోతారు.

ఆపరేషన్ అయిన తొలి దశ రోగులకు కూడా ఈజీఎఫ్ఆర్ టెస్ట్ అవసరమే. ఆడౌరా ట్రయల్‌లో ఆపరేషన్ తర్వాత మూడేళ్లపాటు ఆసిమర్టినిబ్ ఇస్తే, ఐదేళ్లకు బతికి ఉన్నవాళ్లు నూటికి 88, ఇవ్వకపోతే 78. మీ అమ్మకు ఇది వర్తించదు కానీ, చదివేవాళ్లలో ఎవరి ఇంట్లోనైనా అలాంటి రోగి ఉంటే "ఆపరేషన్‌తో అయిపోయింది కదా" అని టెస్ట్ మానేయొద్దు.

ఇప్పుడు అసలు నా పనికి వస్తాను. టెస్ట్ ఎంత ఖరీదైనదైనా, లోపల పెట్టే ముక్క మంచిదైతేనే జవాబు మంచిది. ఈ ఒక్క మాట పట్టుకుంటే చాలా తప్పులు తప్పుతాయి.

సూదితో తీసిన ముక్క మిల్లీమీటరు మందం, సెంటీమీటరు పొడవు. దాన్ని కుళ్లకుండా ఉంచే ఫార్మలిన్ ద్రావణంలో వేసి పంపిస్తారు. మేము మైనంలో పోసి చిన్న దిమ్మ చేస్తాం, దాన్నే బ్లాక్ అంటాం. ఆ బ్లాక్‌ను మైక్రోటోమ్ అనే కోత యంత్రం మీద కోస్తే ఉల్లిపొర కంటే పల్చటి పొర వస్తుంది, మిల్లీమీటరులో మూడు నాలుగు వెయ్యో వంతులు. దాన్ని గోరువెచ్చని నీళ్ల మీద తేల్చి గాజు స్లైడు మీదకు ఎత్తుకుంటాం. మొదటి పొరతో క్యాన్సరా కాదా చూస్తాం. తర్వాత ఊపిరితిత్తిలో పుట్టిందా, వేరే చోటి నుంచి వచ్చిందా, ఏ రకం అని తేల్చడానికి మరికొన్ని పొరలు కోస్తాం. ఇక్కడే అజాగ్రత్త జరుగుతుంది. అవసరం లేని పరీక్షలు పది చేసేసరికి బ్లాక్‌లో ముక్క అయిపోతుంది. జీన్ టెస్ట్ అనేసరికి ఖాళీ మైనం మిగులుతుంది. మళ్లీ సూది, మళ్లీ సీటీ స్కాన్, మళ్లీ భయం. అందుకే ఊపిరితిత్తుల కేసు అనగానే నేను రెండు రంగు పరీక్షలతో, టీటీఎఫ్-1, పీ40తో సరిపెట్టి మిగతా ముక్క దాచిపెడతాను.

ఇంకో సంగతి. ముక్కలో అంతా క్యాన్సర్ ఉండదు. మామూలు కణాలు, వాపు కణాలు, నెత్తురు అన్నీ ఉంటాయి. స్లైడు చూసి ఎక్కడ క్యాన్సర్ దట్టంగా ఉందో మార్కర్ పెన్నుతో చుట్టూ గీత గీస్తాను, అక్కడి నుంచే గీరి తీస్తారు. క్యాన్సర్ కణాలు నూటికి ఇరవై అయినా ఉంటే నాకు ధైర్యంగా ఉంటుంది. పుంగనూరు వైపు నుంచి ఒక అవ్వ వచ్చింది, చేతిలో "ఈజీఎఫ్ఆర్ లేదు" అన్న రిపోర్టు. వేరే చోట చేయించారు. కీమోకు శరీరం తట్టుకోలేదని ఇంటికి తీసుకుపోయే ఆలోచనలో ఉన్నారు. మనవడు బ్లాక్ తెచ్చి ఇచ్చాడు. కోసి చూస్తే ముక్క నిండా వాపు కణాలే, క్యాన్సర్ కణాలు నూటికి ఐదు కూడా లేవు. ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరు అప్పటికి రెండుసార్లు తీసి పారబోశారు. మూడోసారి తీసిన నీరంతా తెప్పించుకుని యంత్రంలో వేగంగా తిప్పి, అడుగున పేరుకున్న కణాలతో సెల్ బ్లాక్ చేశాం. ఎక్సాన్ 19 మార్పు ఉంది. అవ్వ మాత్ర మొదలుపెట్టింది. చక్రాల కుర్చీలో వచ్చిన మనిషి రెండో నెలకు నడిచి వచ్చింది. ఇప్పటికి రెండేళ్లు దాటింది. "మార్పు లేదు" అన్న జవాబుకీ, "ముక్క చాలలేదు, తెలియలేదు" అన్న జవాబుకీ మధ్య ఒక మనిషి ప్రాణం ఉంటుంది. రిపోర్టులో క్యాన్సర్ కణాల శాతం ఎంత రాశారో తప్పకుండా చూడండి.

అమ్మకు ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరి తీయాల్సి వస్తే పది మిల్లీలీటర్లు సీసాలో పోసి పంపొద్దని, తీసినంతా పంపమని అడగండి. ఎముక నుంచి ముక్క తీస్తే ముందే మాకు చెప్పించండి. ఎముకను మెత్తబరచడానికి మామూలుగా వాడే ఆసిడ్ డీఎన్ఏను నాశనం చేస్తుంది, దానికి ఈడీటీఏ అనే వేరే ద్రావణం వాడాలి. ఫార్మలిన్ బదులు సెలైన్‌లో వేసి పంపిన ముక్కలు నాకు ఇప్పటికీ వస్తుంటాయి. ఒకసారి ఒక చిన్న ఊరి నుంచి శనివారం తీసిన ముక్క సోమవారం సెలైన్ సీసాలో వచ్చింది. 34 ఏళ్ల మనిషి. మూత తీయగానే అర్థమైంది, కణాలు కుళ్లిపోయాయని. ఆ రోజు ఆయనకు మళ్లీ బయాప్సీ చేయాలని ఆయన భార్యతో చెప్పడం నాకు ఎంత కష్టమైందో ఇప్పటికీ గుర్తుంది.

మన వైపు వాళ్లు వేలూరు, చెన్నై పోవడం మామూలే. చిత్తూరు నుంచి వేలూరు గంట ప్రయాణం. తిరుపతిలోనూ స్విమ్స్ ఆస్పత్రి ఉంది, 2022 నుంచి టాటా ట్రస్ట్స్ వాళ్ల స్వీకార్ క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. ఎక్కడికి పోయినా సరే, స్లైడ్లతో పాటు బ్లాక్ కూడా తీసుకుపోండి. అడిగితే సాధారణంగా సంతకం పెట్టించుకుని ఇస్తారు. కానీ ఎండాకాలం కారు అద్దం ముందు పెట్టొద్దు. మే నెలలో ఒకాయన అలా పెట్టి వేలూరు పోయి వచ్చేసరికి మైనం కరిగి ముక్క పక్కకు జరిగింది. అదృష్టం, మళ్లీ మైనం పోసి కాపాడగలిగాం. గుడ్డలో చుట్టి టిఫిన్ డబ్బాలో పెట్టుకుని చేతి సంచిలో పెట్టుకుంటే చాలు.

ఇప్పుడు ఆగాలా వద్దా అన్న సంగతి. అమ్మ ఇంట్లో తిరుగుతూ, తింటూ ఉంటే ఆగండి. ఈలోపు ఏఎల్‌కే, రాస్1 (ఇదీ ఒక జీనే) రంగు పరీక్షలు రెండు మూడు రోజుల్లో వచ్చేస్తాయి, ఒక్కో పొర చాలు. ఈజీఎఫ్ఆర్ ఒక్కటే పీసీఆర్ అనే పద్ధతిలో చేస్తే వారంలోపు తెలుస్తుంది, ఖర్చు కూడా చాలా జీన్లు ఒకేసారి చూసే పెద్ద ప్యానెల్ (ఎన్‌జీఎస్) కంటే బాగా తక్కువ. డబ్బుకు ఇబ్బంది ఉన్న ఇళ్లకు నేను మొదట ఈ మూడూ చేయించమంటాను. వాటిలో ఏదీ దొరకకపోతే అప్పుడు ఎన్‌జీఎస్ ప్యానెల్. ముక్క చాలా చిన్నదైతే మాత్రం ఒక్కొక్కటిగా చేసి ముక్క అరగదీయకుండా నేరుగా ప్యానెల్‌కు పోవడమే మంచిది. ఖర్చులో ఏ భాగం ప్రభుత్వ పథకం కింద వస్తుందో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. సిగ్గుపడాల్సిన పని కాదు.

ఆయాసం పెరిగి ఆగలేని పరిస్థితి వస్తే డాక్టర్లు మామూలు కీమో ఒక విడత ఇస్తారు, తర్వాత రిపోర్టును బట్టి మారుస్తారు. అది తప్పు కాదు. కానీ ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే ఫలితం రాకముందే ఇమ్యునోథెరపీ ఇంజెక్షన్ మొదలుపెట్టొద్దని డాక్టరుగారితో ఒకసారి మాట్లాడండి. ఈ మార్పులు ఉన్నవాళ్లలో ఆ ఇంజెక్షన్ సరిగా పని చేయదు, పీడీ-ఎల్1 (ఆ ఇంజెక్షన్ పనికొస్తుందా అని గడ్డలో చూసే గుర్తు) ఎంత ఎక్కువ వచ్చినా సరే. పైగా ఆ ఇంజెక్షన్ ఇచ్చిన వెంటనే ఆసిమర్టినిబ్ ఇస్తే ఊపిరితిత్తులు వాచే ప్రమాదం పెరుగుతుంది. ఒంట్లో కొన్ని వారాలపాటు ఉండే మందు అది, వెనక్కి తీసుకోలేం.

రక్తంతో చేసే టెస్ట్ సంగతి కూడా అడుగుతారు. గడ్డ నుంచి రాలిన డీఎన్ఏ రక్తంలో దొరుకుతుంది. అందులో మార్పు కనబడితే నమ్మొచ్చు, వెంటనే మాత్ర మొదలుపెట్టొచ్చు. కనబడకపోతే లేదని కాదు, రక్తంలోకి రాలలేదని కావొచ్చు. అప్పుడు ముక్క మీద మళ్లీ చేయాలి.

రిపోర్టు వచ్చాక మీరు స్వయంగా చూడాల్సింది ఒకటుంది. "ఈజీఎఫ్ఆర్ పాజిటివ్" అని పెద్ద అక్షరాల్లో ఉంటే సంతోషించేముందు ఎక్సాన్ నంబరు చూడండి. 19 లేదా 21 ఎల్858ఆర్ అయితే మామూలు మాత్రలు పడతాయి. పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి ఈ రెండే. ఎక్సాన్ 20 ఇన్సర్షన్ (అక్కడ అదనపు ముక్క చేరడం) అని ఉంటే అది కూడా ఈజీఎఫ్ఆరే, కానీ ఆ మాత్రలు సాధారణంగా పని చేయవు, దానికి మందు వేరు. పాజిటివ్ అన్న ఒక్క మాట చూసి నాలుగు నెలలు జెఫిటినిబ్ వేసుకున్న మనిషి రిపోర్టు నా టేబుల్ మీదకు వచ్చింది. కింద చిన్న అక్షరాల్లో 20 అని ఉంది. ఎవరూ అంతదాకా చదవలేదు.

ఒక మాట ఇంట్లో అందరికీ చెప్పండి. జన్యు పరీక్ష అనగానే వంశపారంపర్యం అనుకుంటారు. శ్రీకాళహస్తి దగ్గరి ఒక కుటుంబం తమ ఇంటి ఇల్లాలికి ఈ టెస్ట్ వద్దని మూడు వారాలు సాగదీసింది. ఎందుకో ఎంత అడిగినా చెప్పలేదు. చివరికి ఆమె అన్న ఒంటరిగా వచ్చి తలుపు దగ్గరగా వేసి అడిగాడు: "మేడం, మా మేనకోడలికి సంబంధాలు చూస్తున్నాం. ఈ రిపోర్టులో జీన్ ఉందని వస్తే ఆ పిల్లకు పెళ్లి అవుతుందా?" ఆ మాటకు నా గొంతు పట్టేసింది. మనం వెతికే ఈ మార్పులు గడ్డలో పుట్టినవి. అమ్మ పుట్టినప్పుడు ఆమెలో లేవు, పిల్లలకు పోవు. చాలా అరుదైన కొన్ని సందర్భాలు తప్పితే బిడ్డలకు పరీక్ష అక్కర్లేదు. ఆ మాట ఆయనకు స్లైడు చూపించి మరీ చెప్పాను. ఆ వారమే టెస్టుకు ఒప్పుకున్నారు.

పొగ తాగని అమ్మకు ఎందుకొచ్చింది అని మీరు మనసులో అనుకుంటూ ఉంటారు. కట్టెల పొయ్యి పొగ, ఊళ్లలో గాలి, కారణాలు ఉండొచ్చు, ఒక్కోసారి ఏ కారణమూ దొరకదు. అమ్మ చేసిన తప్పేమీ లేదని అమ్మకు చెప్పండి. ఆరు నెలలు ఆలస్యమైందని మీరూ మిమ్మల్ని తిట్టుకోవద్దు. మన వైపు దగ్గు అనగానే టీబీ గుర్తొస్తుంది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం టీబీ ఆస్పత్రి పేరు తెలియని ఇల్లు ఉండదు. ఎక్స్‌రేలో మచ్చ కనబడితే టీబీ మందులతో నెలలు గడిచిపోవడం నేను వారం వారం చూస్తాను.

ఏ మార్పూ దొరకకపోతే? అది కూడా పనికొచ్చే జవాబే. అప్పుడు పీడీ-ఎల్1 శాతం చూసి ఇమ్యునోథెరపీ, కీమో ఆలోచిస్తారు. పీడీ-ఎల్1 యాభై శాతం పైన ఉన్నవాళ్లకు పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు ఇచ్చిన ట్రయల్‌లో ఐదేళ్లకు నూటికి దాదాపు 32 మంది బతికి ఉన్నారు, కీమోతో మొదలుపెట్టినవాళ్లలో 16 మంది. మాత్ర పడి బాగున్నవాళ్లలో కూడా కొన్నాళ్లకు రోగం మొండికేస్తుంది. అప్పుడు పాత రిపోర్టు పట్టుకుని కూర్చోకుండా మళ్లీ ముక్కో రక్తమో పరీక్షించాలి. ఎందుకంటే గడ్డ అప్పటికి మారి ఉంటుంది.

రేపు పొద్దున బయాప్సీ చేసిన చోటికి పోయి మూడు అడగండి. బ్లాక్ నంబరు ఎంత, బ్లాక్‌లో ముక్క ఇంకా ఎంత మిగిలింది, అందులో క్యాన్సర్ కణాలు నూటికి ఎన్ని. ఆ మూడూ ఒక కాగితం మీద రాయించుకుని డాక్టరుగారికి చూపించండి, ఏ టెస్ట్ ముందు చేయాలో అక్కడే తేలిపోతుంది. రిపోర్టు వచ్చాక అమ్మ పేరు, ఆస్పత్రి నంబరు కొట్టేసి ఆ ఎక్సాన్ ఉన్న లైను ఇక్కడ రాయండి. రాత్రి డ్యూటీ అయ్యాక చూసి చెప్తాను.